డిస్లెక్సియా ఉన్న పిల్లలకు తెలుగు పాఠం అచ్చు వేయడం: ఫాంటు, ఎడం, జిరాక్సు

తెలివికి లోటు లేకున్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా కోసం ప్రత్యేకంగా ఫాంట్లు ఉన్నాయని విని, ఓపెన్‌డిస్లెక్సిక్ దింపుకుని, తెలుగు పాఠమంతా సెలెక్ట్ చేసి ఆ ఫాంటు పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అందులో తెలుగు అక్షరాలే లేవు. పైన పెట్టెలో పేరు మారుతుంది, కింద కంప్యూటరు తన దగ్గరున్న నిర్మలా యూఐనో గౌతమినో తెచ్చి వేసేస్తుంది. కొత్త ఫాంటు వచ్చిందనుకుని ముప్పై కాపీలు తీయించినవాళ్లకు చేతికొచ్చేది పాత కాగితమే.

క్రిస్టియన్ బోయర్ 2008లో నెదర్లాండ్స్‌లో రూపొందించిన డిస్లెక్సీ, అబెలార్డో గోన్సాలెస్ 2011లో విడుదల చేసిన ఓపెన్‌డిస్లెక్సిక్, రెండూ రోమన్ లిపి కోసం పుట్టినవి. ఇంగ్లీషు చిన్నబడిలో బి, డి అక్షరాలు కుడిఎడమలు తిప్పితే ఒకటే. అవి తారుమారు కాకుండా కింది భాగాన్ని బరువుగా గీయడం ఆ ఫాంట్ల ఉపాయం. తెలుగులో తికమక అలాంటిది కాదు. కాబట్టి ఆ ఉపాయాన్ని ఎత్తుకొచ్చి మన అక్షరాల అడుగున లావు పెంచితే మేలు లేకపోగా చేటు కూడా. మన ఒత్తులు కూర్చునేది సరిగ్గా అక్కడే.

ఇంగ్లీషులో సైతం ఆ ఆకారాల వల్ల ఒరిగింది తక్కువేనని తేలింది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో డిస్లెక్సీ ఫాంటుతో పిల్లల చదువు కొంచెం వేగం పుంజుకుంది. అయితే మామూలు ఫాంటైన ఏరియల్‌కి కూడా అంతే ఎడం ఇచ్చి చదివిస్తే తేడా మాయమైంది. అంతకుముందు 2012లో జోర్జీ అనే పరిశోధకుడి బృందం ఇటలీ, ఫ్రాన్సు పిల్లలకు 14 పాయింట్ల అక్షరాల మధ్య అదనంగా 2.5 పాయింట్ల ఎడం ఇచ్చి చూసింది. తప్పులు తగ్గాయి, వేగం పెరిగింది. అంటే అసలు పని చేసింది ఎడం.

తెలుగులో దీనికి ఇంకో సంగతి తోడవుతుంది. మన మాటలో అర్థాన్ని మోసేది చాలాసార్లు అక్షరంలోని అతి చిన్న ముక్క: ఒత్తు, దీర్ఘం చివరి చుట్టు, నడుమ చుక్క. కాగితం తయారు చేసేటప్పుడు సైజు, ఫాంటు, ఎడం మూడూ ఆ చిన్న ముక్కను బట్టి తేల్చుకోవాలి, పెద్ద అక్షరాన్ని బట్టి కాదు. ఈ పద్ధతి నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడి టీచర్లకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లోని రిసోర్సు టీచర్లకు, వాళ్లకు కాగితాలు కొట్టిపెట్టే డీటీపీ వాళ్లకు పనికొస్తుంది. ఫాంటు డిస్లెక్సియాను నయం చెయ్యదు. అక్షరానికీ శబ్దానికీ ముడి వేసే పాఠం వేరే జరగాలి. కాగితం ఆ పాఠానికి అడ్డం తగలకుండా ఉంటే చాలు.

తికమక ఎక్కడ పుడుతుంది

ప, వ రెండూ పక్కపక్కన పెద్దగా ప్రింటు తీసి చూడండి. ప మీద తలకట్టు ఒంటికి అంటకుండా పైన విడిగా ఉంటుంది, మధ్యలో సన్నని సందు. వ లో తలకట్టు ఒంటికి కలిసిపోయి ఎడమ భాగం మూసుకుపోతుంది. పంట, వంట అనే రెండు మాటలను వేరు చేసేది ఆ సందే. అక్షరం లావెక్కినా, సైజు తగ్గినా, జిరాక్సులో సిరా పాకినా మొదట పూడిపోయేదీ అదే. ప తో పాటు ఘ, ఫ, ష, స, హ లది కూడా ఇదే అవస్థ. సరుకు, నరుకు తేడా కొంత ఈ సందు మీదే నిలుస్తుంది.

తర్వాత మ, వు. వ కి కొమ్ము పెడితే వు, అది మ కి మరీ దగ్గర. కొమ్ము ఎంత కిందికి దిగింది, తలకట్టు ఎక్కడుంది అన్నదే గుర్తు. ఆవుని ఆమ అనీ, చెరువుని చెరుమ అనీ చదివే పిల్లల విషయంలో ముందు కాగితం మీద ఆ రెండూ ఎంత వేరుగా పడ్డాయో చూడాలి. కొన్ని ఫాంట్లలో పెద్దవాళ్లు కూడా మాటను బట్టి ఊహిస్తారే గానీ అక్షరాన్ని బట్టి చదవరు.

ర నడుమ చుక్క పెడితే ఠ. ద, ధ, థ లలో ఒకదానికి ఏమీ లేదు, ఒకదానికి అడుగున ఒత్తు గీత, ఇంకోదానికి నడుమ చుక్క. డ, ఢ, చ, ఛ లకు తేడా అడుగు గీతే. బ, భ లకు అడుగు గీతతో పాటు తలకట్టు కూడా. పాదు, పాడు లాంటి చోట ద, డ ల ఎడమ వంపు ఒక్కటే దిక్కు. ఒత్తుల్లో ద్ద, ద్ధ అన్నిటికంటే కష్టం. పెద్ద, శుద్ధ మాటల్లో కింద ఉన్న చిన్న అక్షరానికి ఇంకా చిన్న గీత ఉందా లేదా అన్నది చూడాలి.

ఇక గుణింతం. గుడికీ గుడిదీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ తేడా తల మీది చిన్న చుట్టు. నెల, నేల ; మెడ, మేడ ; విధి, వీధి. చదివే పిల్లకు చూపు బాగానే ఉంటుంది. కానీ ఆ చుట్టు అక్షరం ముక్కేనని గుర్తించి, దానికి శబ్దం జోడించే పని ఆమెకు అలవాటుగా మారి ఉండదు. ప్రతిసారీ కొత్తగా చెయ్యాలి. చుట్టు మసగ్గా ఉంటే ఆ పని రెట్టింపవుతుంది.

పరీక్ష కాగితం

ఏ ఫాంటైనా వాడే ముందు ఒకే కాగితం మీద ఈ మాటలు కొట్టి చూడండి. మన ఊళ్ల పేర్లే దీనికి చక్కగా సరిపోతాయి.

గుండ్లకమ్మ, కంభం చెరువు, ఒంగోలు గిత్త, చీమకుర్తి, మార్కాపురం పలక, ఆత్మకూరు, బిట్రగుంట, మైపాడు, స్వర్ణాల చెరువు, ఉదయగిరి, విడవలూరు, పులికాట్.

గుండ్లకమ్మలో ల ఒత్తు, మ ఒత్తు రెండూ ఉన్నాయి, పైగా సున్న. చీమకుర్తిలో గుడిదీర్ఘం, గుడి, త ఒత్తు. మైపాడులో ఐత్వం పైన ఒక ముక్క, కింద ఒక ముక్కగా విడిపోతుంది. కింది ముక్క ఒత్తులా భ్రమ పెట్టకూడదు. పులికాట్ చివర పొల్లు. కంభం చెరువులో భ అడుగు గీత, వు.

వీటికి పంట, వంట, నెల, నేల, విధి, వీధి, పాదు, పాడు, కద, కథ జతలు, రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, శుద్ధి కలపండి. రాష్ట్రం అన్న మాటను ఒక వరుసలో పెట్టి సరిగ్గా దాని కింది వరుసలో కీ, శ్రీ వచ్చేలా చూడండి. పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ గుద్దుకునేది అలాంటి చోటే.

160 పాయింట్లలో కొలవడం

16 పాయింట్ల అక్షరంలో సందును స్కేలుతో కొలవలేం. అదే అక్షరాన్ని 160 పాయింట్లలో ప్రింటు తీసి, కొలిచి, 10తో భాగిస్తే సరి. మూడు కొలతలు చాలు.

మొదటిది ప మీద సందు. 160 పాయింట్లలో 3 మి.మీ. ఉండాలి, అంటే 16 పాయింట్లలో 0.3 మి.మీ. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు వేసే) లేజరు ప్రింటరుకు అది ఏడు చుక్కల వెడల్పు. ఒకటి రెండు చుక్కలు పౌడరు పాకినా ఇంకా సందు మిగులుతుంది. అంతకంటే తక్కువున్న ఫాంటు స్క్రీను మీద అందంగా ఉంటుంది, జిరాక్సుకు జిరాక్సు తీసేసరికి పంట వంటైపోతుంది.

రెండోది అక్షరంలో అన్నిటికంటే సన్నటి గీత. 160 పాయింట్లలో 2 మి.మీ. కన్నా సన్నగా ఉంటే కాపీల్లో తెగుతుంది. లావుసన్నాల తేడా ఎక్కువున్న ఫాంట్లు ఇక్కడే తప్పుతాయి.

మూడోది ఒత్తు ఎత్తు. చదివే సైజులో ఒత్తు 1.5 మి.మీ.కు తగ్గకుండా చూసుకోవాలి. ఉదాహరణకు గిత్తలో త ఒత్తు 160 పాయింట్లలో 14 మి.మీ. ఉందనుకుందాం. 160ని 1.5తో గుణించి 14తో భాగిస్తే 17 పైచిలుకు వస్తుంది. ఆ ఫాంటును 18 పాయింట్లలో వాడాలి. ఇంకో ఫాంటులో ఒత్తు 16 మి.మీ. ఉంటే 15 పాయింట్లే చాలు. సైజు అందరికీ ఒకటే అని చెప్పలేకపోవడానికి కారణం ఇదే. 14 పాయింట్లు చాలన్న ఇంగ్లీషు సలహా ఒత్తుల్లేని లిపికి చెప్పింది.

ఏ ఫాంటు

నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు, మండలి. ఈ నాలుగూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు వీటినే పరీక్ష కాగితం మీద పెట్టి కొలవండి. గీత మందం అటూఇటూ ఒకేలా ఉండే నోటో సాన్స్ రకం జిరాక్సుకు బాగా తట్టుకుంటుంది. 2022లో వచ్చిన అనేక్‌కు ఇంకో సౌలభ్యం ఉంది: అక్షరం వెడల్పు 75 నుంచి 125 శాతం దాకా మార్చుకోవచ్చు. సెమీ ఎక్స్‌పాండెడ్ రకం తీసుకుంటే అక్షరం లోపలి ఖాళీలు విప్పారతాయి. వర్డ్‌లో వెడల్పు మార్చే జారుడు మీట ఉండదు కాబట్టి అన్ని వెడల్పులూ ఒకే ఫైలులో ఉండే వేరియబుల్ ఫైలు కాకుండా విడివిడి ఫైళ్లు ఇన్‌స్టాల్ చేసుకోండి.

రామభద్ర, రవిప్రకాశ్, లక్కిరెడ్డి లాంటివి శీర్షికలకూ పోస్టర్లకూ ఉద్దేశించినవి. వాటిని పాఠంలోకి తేవద్దు. చేతిరాతలా ఉంటే పిల్లలకు దగ్గరగా ఉంటుందనుకోవడం పొరపాటు. చేతిరాత ఫాంట్లలో చుట్లూ గీతలూ ఒక పద్ధతిలో ఉండవు, పిల్ల పట్టుకోవాల్సిన గుర్తే జారిపోతుంది.

మండలి ఒకే మందంలో వస్తుంది. దానికి బోల్డ్ బటను నొక్కితే వర్డ్ ఉన్న గీతనే ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు సందుల్లోకే పోతుంది, ప కాస్తా వ అవుతుంది. బోల్డ్ కావాల్సిన చోట నిజంగా బోల్డ్ ఫైలు ఉన్న ఫాంటే వాడాలి. ఇటాలిక్ సంగతీ అంతే. తెలుగులో ఆ బటను చేసేది అక్షరాన్ని పక్కకి తోయడం, అంతకు మించి ఏమీ లేదు. అండర్‌లైన్ మరీ దారుణం, గీత నేరుగా ఒత్తుల గుండా కోసుకుపోతుంది. మాటను ఎత్తి చూపాలంటే చుట్టూ పెట్టె గీయండి, లేదా వెనక లేత రంగు వేయండి.

డీటీపీ సెంటర్లో మొదటి అడ్డంకి

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోల్లోనైనా చాలా సెంటర్లలో తెలుగు పని ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతోనే నడుస్తోంది. ఆ చేతులు వేగం, పని నాణ్యం. కానీ మనకు కావాల్సిన ఎడం అక్కడ కుదరదు. అనూలో ఒక్కో తెలుగు అక్షరం ముక్కలుగా కూడుతుంది: ఒళ్లు ఒక గుర్తు, ఒత్తు ఒక గుర్తు, కొన్నిచోట్ల కొమ్ము ఇంకో గుర్తు. ట్రాకింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, పెంచితే ప్రతి గుర్తు మధ్యా ఎడం పడుతుంది. ఒత్తు తన అక్షరం కింద నుంచి జారి పక్క అక్షరం కిందికి పోతుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లకు ఇంతకంటే కీడు చేసే కాగితం ఉండదు.

అందుకని పాఠం, ఏ కంప్యూటరైనా అక్షరాలను ఒకేలా గుర్తించే యూనికోడ్‌లో ఉండాలి. పాత అనూ ఫైలుంటే కన్వర్టరులో వేసి తెచ్చుకోవచ్చు, కానీ ఒత్తులూ పొల్లులూ చేత్తో ఒకసారి సరిచూడాలి. ఇంకో దొంగ తప్పుంది: సున్నకు బదులు తెలుగు అంకె సున్ననో ఇంగ్లీషు ఓ అక్షరాన్నో కొట్టేయడం. కంటికి తేడా ఉండదు. ఎడం పెంచగానే అసలు సున్న తన అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, దొంగ సున్న దూరంగా వెళ్లి ఒంటరిగా నిలబడుతుంది. ఫోనుతో గట్టిగా చదివించినా అక్కడ తడబడుతుంది. ఫైండ్‌లో అంకె సున్న ఒకసారి, ఇంగ్లీషు ఓ ఒకసారి వేసి వెతికితే అన్నీ దొరుకుతాయి.

ఎడం పెట్టే పద్ధతి

వర్డ్‌లో పాఠం సెలెక్ట్ చేసి కంట్రోల్, డి నొక్కండి. ఫాంట్ పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే వరుస కనిపిస్తే తెలుగు ఫాంటు, సైజు అక్కడ పెట్టాలి. పై వరుసలో మార్చి తెలుగు మారలేదని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. లిబ్రేఆఫీస్‌లో కూడా సీటీఎల్ ఫాంటు అని విడిగా ఉంటుంది. తర్వాత అడ్వాన్స్‌డ్ ట్యాబులో స్పేసింగ్‌ను ఎక్స్‌పాండెడ్ చేసి, 16 పాయింట్లకు 1 పాయింటుతో మొదలుపెట్టండి. 1.5 దాకా పోవచ్చు. 2 దాటితే మాట ఒక ముక్కగా కనబడటం మానేస్తుంది. ఇటలీ పిల్లల 2.5 లెక్కను యథాతథంగా తీసుకోనక్కర్లేదు, తెలుగు అక్షరానికి గుండ్రదనం వల్ల లోపలే ఖాళీ ఎక్కువ.

ఎడం పెట్టగానే రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి చూడండి. ఒత్తులు అక్షరాన్ని వదలకుండా ఉంటే ప్రోగ్రాము సరైనదే. ఊడితే ఫాంటు మార్చండి, లేదా లిబ్రేఆఫీస్‌కు వెళ్లండి.

అక్షరాల మధ్య ఎడం పెంచి మాటల మధ్య పెంచకపోతే మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ మార్గదర్శకాలు మాటల ఎడం, అక్షరాల ఎడానికి కనీసం మూడున్నర రెట్లు ఉండాలంటాయి. వర్డ్‌లో దీనికి నేరు మీట లేదు. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పైన ఒక స్పేసు, కింద ఒక స్పేసు వేసి, కింది దానికి ఫార్మాట్‌లో ఎక్స్‌పాండెడ్ 5 పాయింట్లు పెట్టి రీప్లేస్ ఆల్ నొక్కండి. రెండేసి స్పేసులు కొట్టడం కన్నా ఇది నయం.

వరుసల మధ్య 1.5 అని పెట్టవద్దు. ఒక్కో తెలుగు ఫాంటు తనలోనే తలమీదా కిందా వేరువేరు ఖాళీ దాచుకుంటుంది. ఒకదాంట్లో 1.5 మూడు వేళ్ల ఎడమవుతుంది, ఇంకోదాంట్లో ఒత్తులు తగులుకుంటాయి. ఎగ్జాక్ట్లీ ఎంచుకుని 16 పాయింట్ల అక్షరానికి 28 నుంచి 30, 18కి 32 నుంచి 34 పాయింట్లు పెట్టండి. రాష్ట్రం కింద కీ పెట్టిన చోట పై ఒత్తుకూ కింది గుడికీ మధ్య కనీసం 1 మి.మీ. తెల్లగా కనిపించాలి.

ఎడమ అంచుకు మాత్రమే సర్దండి. రెండు వైపులా సరిచేసే జస్టిఫై తెలుగులో మరీ చెడ్డది. మన మాటలు పొడవు, వరుసకు ఐదారు పడతాయి, మిగిలిన ఖాళీ అంతా ఆ నాలుగైదు సందుల్లో పంచితే వరుస వరుసకూ ఎడం మారిపోతుంది. మాటను వరుస చివర విరగ్గొట్టవద్దు. ఏ4 కాగితానికి రెండు వైపులా 25 మి.మీ. అంచు వదిలితే 16 పాయింట్లలో వరుసకు 30 నుంచి 35 అక్షరాలు పడతాయి. అది సరిపోతుంది. పేరాలు నాలుగైదు వరుసలకు మించనివ్వకండి, పేరాల మధ్య ఒక వరుస ఖాళీ వదలండి.

మాటలోని భాగాలకు రంగులు మార్చి చూపాలనుకుంటే అక్షరం సరిహద్దులోనే మార్చండి: గుండ్ల ఒక రంగు, కమ్మ ఒక రంగు. మ్మ లో ఒత్తుకు మాత్రమే రంగు వేయబోతే చాలా ప్రోగ్రాముల్లో అక్షరం విరిగి మ్ మ గా పడుతుంది.

అచ్చు, జిరాక్సు

ఇంతా చేసి వర్డ్ ఫైలు పెన్‌డ్రైవులో వేసుకెళితే సెంటరు కంప్యూటర్లో ఆ ఫాంటు ఉండదు. పీడీఎఫ్‌గా సేవ్ చేసి తీసుకెళ్లండి. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా వెళితే కుదించుకుపోయి అడుగు గీతలన్నీ అలుక్కుపోతాయి.

ప్రింటు పెట్టెలో ఫిట్ తీసేసి యాక్చువల్ సైజ్ అడగండి. ఇంకా పెద్ద గండం, కాగితం ఆదా కోసం ఒక షీటు మీద రెండు పేజీలు వేయడం. ఏ4 పేజీని సగానికి దించితే 16 పాయింట్లు 11.3కి పడిపోతాయి, 0.3 మి.మీ. సందు 0.2 అవుతుంది. చేసిన పనంతా అక్కడితో పోయినట్టే. షాపు వాళ్లకు నోటితో చెబితే మరిచిపోతారు, పేజీ అడుగున 10 సెం.మీ. గీత ఒకటి వేసి ఉంచండి. ప్రింటొచ్చాక స్కేలు పెడితే కుదించారో లేదో తెలుస్తుంది.

కాగితం 80 జీఎస్ఎం తక్కువ కాకుండా, మెరుపు లేనిది, వీలైతే లేత మీగడ రంగుది తీసుకోండి. పల్చటి కాగితం మీద రెండు వైపులా వేస్తే వెనక అక్షరాలు మసగ్గా కనబడి ముందువాటికి లేని ఒత్తులు తెస్తాయి. కాపీలన్నీ మొదటి ప్రింటు నుంచే తీయించండి, కాపీకి కాపీ వద్దు. మిషను నలుపు ఒక మెట్టు తగ్గించమనండి. నల్లగా, దట్టంగా ఉంటే బాగా కనబడుతుందనుకుని పెంచేస్తారు, దాంతో థ నడుమ చుక్క చుట్టూ ఉన్న తెల్లదనం పూడిపోతుంది.

అక్షరాన్ని రాయించి నేర్పే పాఠానికి మాత్రం ఈ కాగితం కన్నా మార్కాపురం పలకే మేలు. అక్కడ ప మీద సందును పిల్ల చేత్తోనే వదిలించవచ్చు, పెద్దగా.

పిల్లతో చూసుకోవడం

ఒకే కష్టం ఉన్న రెండు వేర్వేరు పేరాలు, ఒక్కోటి వంద మాటలు. ఒకటి పాత కాగితం పద్ధతిలో, ఇంకోటి కొత్త పద్ధతిలో. ఒక్కో నిమిషం గట్టిగా చదివించి సరిగ్గా చదివిన మాటలు, తప్పిన మాటలు రాసుకోండి. ఇంకో రోజు పేరాలు మార్చి, కొత్త పద్ధతిని ముందు పెట్టి చదివించండి. ఒకే రోజు చూసి తేల్చేస్తే అలవాటు వల్ల వచ్చిన తేడాను ఫాంటు ఖాతాలో వేసుకుంటారు.

వేగం కన్నా తప్పుల జాబితా చూడండి. తప్పులు నెల, నేల తరహావైతే సైజు ఒక మెట్టు పెంచండి. ప, వ తరహావైతే ఫాంటు లేదా కాపీ నలుపు చూడండి. మాటలు కలిపి చదివేస్తుంటే మాటల ఎడం పెంచండి. వరుస తప్పి కిందికి జారుతుంటే వరుసల ఎడం పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఏది మార్చినా కొందరు పిల్లలకు ఏ తేడా రాదు, అప్పుడు కాగితంతో కుస్తీ మానేసి శబ్దాల పాఠం మీద సమయం పెట్టండి. కొత్త కాగితం నచ్చిందా అని పిల్లనే అడగడం కూడా అవసరం. బడిలో తనకొక్కదానికే వేరే కాగితం ఇస్తున్నారని ముడుచుకునే పిల్లలుంటారు. క్లాసంతటికీ అదే వేస్తే ఆ చిక్కే లేదు, మిగతావాళ్లకు నష్టమూ లేదు.

నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది, డిస్లెక్సియా అందులోకే వస్తుంది. బడి పరీక్ష కాగితాన్ని ఈ రూపంలో అడిగేటప్పుడు ఆ మాట దరఖాస్తులో రాయండి.

ఫాంటునే దిద్దాలనుకుంటే

ఇది డీటీపీ చెయ్యి తిరిగినవాళ్లకు. నోటో, అనేక్ వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి దిద్దుకోవచ్చు, పంచుకోవచ్చు. విడిగా అమ్మకూడదు, లైసెన్సు కాగితం వెంట ఉంచాలి. ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్లు దిద్దే ప్రోగ్రాము ఉచితం, దాంతో పని జరుగుతుంది. టీటీఎఫ్ కాకుండా ఫాంటు మూల ఫైళ్లు దొరికితే అవే తెరవండి.

ఎడం కోసం ఫాంటు లోపల అక్షరాల పక్క ఖాళీలు పెంచే పని పెట్టుకోవద్దు. చాలా తెలుగు ఫాంట్లలో కొమ్ము, కొన్ని ఒత్తులు తల్లి అక్షరం తర్వాత విడి గుర్తులుగా వస్తాయి. ప కుడి పక్క ఖాళీ పెంచితే పు విడిపోతుంది. ఎడం వర్డ్‌కు వదిలేసి ఆకారాలు మాత్రం దిద్దండి.

మొదట ప మీద సందు. ఫాంటు చతురస్రం 1000 యూనిట్లయితే 16 పాయింట్లలో 0.3 మి.మీ. అంటే 53 యూనిట్లు. 55 పెట్టుకోండి. 2048 యూనిట్ల ఫాంటుకు 110 దాటాలి. తలకట్టును పైకి జరపాలే తప్ప ఒంటిని నొక్కకూడదు, నొక్కితే అక్షరం పొట్టిదై వరుసలో కుంటుతుంది. ఇదే కొలత ఘ, ఫ, ష, స, హ లకూ.

ప ఒక్కటి దిద్దితే పని అవ్వదు. పి, పీ, పె, పే, పొ, పో, ప్ వేరే గుర్తులుగా ఉంటాయి. అవి ప ముక్కను రిఫరెన్సుగా వాడుకుంటే వాటంతటవే మారతాయి, విడిగా గీసినవైతే ఒక్కొక్కటీ దిద్దాలి. సగం దిద్ది వదిలేస్తే పలకలో ప ఒకలా, పిలకలో ఇంకోలా కనబడుతుంది. ఏమీ దిద్దకపోవడం కన్నా అది నష్టం.

తర్వాత థ, ఠ చుక్కలు. 1000 యూనిట్లకు 90 వ్యాసం, చుట్టూ 60 తెల్లదనం. రెండూ పట్టకపోతే అక్షరాన్ని వెడల్పు చెయ్యండి, చుక్కను కుదించకండి. అడుగు గీతలను కిందికి పొడిగించేటప్పుడు భ్ర, ధ్వ, ఫ్ల కొట్టి ఒత్తు తగులుతోందేమో చూడండి. ద్ధ లోని చిన్న గీత ఎంత పొడిగించినా తక్కువే, కాకపోతే కింది వరుస గుడి గుర్తుండాలి. ఆఖరున గుడిదీర్ఘం, ఏత్వం, ఓత్వం చుట్లు. వాటిని లావు చెయ్యడం కంటే తెరిచి గీయడం మంచిది, చుట్టు లోపల తెలుపు 50 యూనిట్లకు తగ్గకుండా.

సేవ్ చేసే ముందు ఎలిమెంట్ మెనూలో ఫాంట్ ఇన్ఫో తెరిచి పేరు మార్చండి. కుటుంబం పేరు, పూర్తి పేరు, పోస్ట్‌స్క్రిప్ట్ పేరు మూడూ మారాలి. అసలు పేరును రిజర్వు చేసిన ఫాంట్లలో పాత పేరుతో పంచితే లైసెన్సు తప్పినట్టే. పైగా ఒకే పేరుతో రెండు ఫాంట్లుంటే కంప్యూటరు ఏది తీసుకుంటుందో చెప్పలేం. కొత్తది ఇన్‌స్టాల్ చేశాక వర్డ్ మూసి తెరిచి, పరీక్ష కాగితాన్ని మళ్లీ 160 పాయింట్లలో ఒకసారి, చదివే సైజులో ఒకసారి ప్రింటు తీయండి. చదివే సైజు ప్రింటుకు జిరాక్సు, ఆ జిరాక్సుకు ఇంకో జిరాక్సు తీయించి పంట, వంట జత చూడండి. రెండో కాపీలోనూ ప మీద తెలుపు కనబడితే ఆ ఫైలు మిగతా బళ్లకు పంపొచ్చు.